మొదటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్: ఫోన్ సెట్టింగ్స్ దగ్గర మొదలుపెడదాం

అందరికీ నమస్కారం అండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ముందు అందరూ ఫోన్లు బయటికి తీయండి. కెమెరా తెరిచి వీడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. రెజల్యూషన్, అంటే బొమ్మ ఎంత వివరంగా ఉంటుందన్న లెక్క, దాని దగ్గర ఏముందో చూడండి. 1080పీ ఉందా, 4కె ఉందా? పక్కనే 30 అనో 60 అనో అంకె ఉంటుంది. సెకనుకి ఎన్ని ఫ్రేములు తీస్తుందో అది చెప్తుంది. ఇంకాస్త కిందికి వెళ్తే కొన్ని ఫోన్లలో ‘హై ఎఫిషియన్సీ’ అనో, ‘హెచ్.265’ అనో, ‘హెచ్‌ఈవీసీ’ అనో కనిపిస్తుంది. పేర్లు వేరైనా మూడూ ఒకటే, వీడియోని చిన్న ఫైల్లోకి కుదించే పద్ధతి. అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూసి గుర్తుపెట్టుకోండి.

ఎందుకు చూడమన్నానంటే, ఇందాక గుమ్మం దగ్గరే కొందరు అడిగారు, “మేడమ్, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్?” అని. మీరు ఏం షూట్ చేస్తున్నారో, ఏ మెషిన్ మీద కూర్చుంటున్నారో తెలియకుండా నేను ఒక పేరు చెప్పేస్తే అది మీకు అన్యాయం చేసినట్టే. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో ఒక విషయం మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కిస్తారు. ఫోన్‌లో తీసిన 4కె వీడియో అందులో వేస్తారు. ప్లే నొక్కితే ఆగి ఆగి నడుస్తుంది. మాట ఒకచోట, పెదవులు ఒకచోట. నాలుగు రోజులు కుస్తీ పట్టి, ఎడిటింగ్ మన వల్ల అయ్యే పని కాదని వదిలేస్తారు. వాళ్లకి తెలివి లేక కాదు, ఆసక్తి లేక కాదు. ఆ ఫుటేజ్‌కీ, అంటే తీసిన వీడియోకీ, ఆ మెషిన్‌కీ, ఆ సాఫ్ట్‌వేర్‌కీ పొత్తు కుదరలేదు, అంతే. మంచి కథ చెప్పగలిగే పిల్లలు ఇలాంటి కారణంతో ఆగిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఇవాళ వరస తిప్పి చెప్తాను. ఫుటేజ్ ముందు, మెషిన్ తర్వాత, సాఫ్ట్‌వేర్ పేరు ఆ తర్వాత.

ఫోన్ వీడియోని ఎలా దాస్తుందో కొంచెం వివరంగా చూద్దాం. ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

30 ఫ్రేముల వీడియో అంటే సెకనుకి 30 బొమ్మలు. అన్నిటినీ పూర్తిగా దాస్తే ఫోన్ మెమరీ చూస్తుండగానే నిండిపోతుంది. అందుకని ఫోన్ ఒక ఫ్రేముని పూర్తిగా దాచి, ఆ తర్వాతి ఫ్రేముల్లో మారిన భాగాన్ని మాత్రమే రాసుకుంటుంది. మీరు గోడ ముందు నిలబడి మాట్లాడుతున్నారనుకోండి. గోడ మారదు. పెదవులు, కళ్లు, చేతులు మారతాయి. ఫైల్లోకి వెళ్లేది ఆ మార్పే. చూడటానికి ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే మనం మొదటి నుంచి చివరిదాకా వరసగా చూస్తాం. ఎడిట్ చేసేటప్పుడు అలా చూడం. మధ్యలో ఎక్కడో క్లిక్ చేస్తాం, పది ఫ్రేములు వెనక్కి జరుపుతాం, మళ్లీ ముందుకి వస్తాం. క్లిక్ చేసిన చోట పూర్తి ఫ్రేము ఉండదు. కంప్యూటర్ వెనక్కి వెళ్లి, దగ్గర్లో ఉన్న పూర్తి ఫ్రేముని పట్టుకుని, అక్కడి నుంచి మార్పులన్నీ కలుపుకుంటూ రావాలి. మీరు మౌస్ కదిపిన ప్రతిసారీ ఈ తతంగం జరుగుతుంది. హెచ్.265 కన్నా పాతదైన హెచ్.264లోనూ ఇదే పద్ధతి. హెచ్.265 అదే వీడియోని ఇంకా చిన్న ఫైల్లో ఇరికిస్తుంది, దానికి తగ్గట్టు విప్పడానికి పని పెరుగుతుంది. పాత ప్రాసెసర్లలో ఈ హెచ్.265 విప్పే ఏర్పాటు చిప్‌లోనే ఉండదు. అప్పుడు భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, ఫ్యాన్ గోల పెడుతుంది, వీడియో నత్తనడక నడుస్తుంది.

సైజులు కూడా చెప్తాను. ఐఫోన్ ఉన్నవాళ్లకి సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది, చూసుకోండి. హై ఎఫిషియన్సీలో 1080పీ 30 ఫ్రేములకి నిమిషానికి సుమారు 60 ఎంబీ. 4కె 30కి 170 ఎంబీ. 4కె 60కి 400 ఎంబీ. అంటే ఒక గంట 4కె తీస్తే పది జీబీ పైమాట, 60 ఫ్రేములు పెడితే 24 జీబీ. ల్యాప్‌టాప్‌లో మొత్తం 256 జీబీ డిస్కు ఉండి, అందులో సగం అప్పటికే నిండి ఉంటే, ఒక ఫంక్షన్ వీడియోతో పని అయిపోతుంది.

అందుకే నేర్చుకునే రోజుల్లో 1080పీ, 30 ఫ్రేములు, హెచ్.264 పెట్టుకోండి. ఐఫోన్‌లో దాన్ని ‘మోస్ట్ కంపాటిబుల్’ అంటారు. ఆండ్రాయిడ్‌లో హై ఎఫిషియన్సీ మీట ఆపేస్తే చాలు. మీ వీడియోల్ని జనం ఎక్కువగా ఫోన్‌లోనే చూస్తారు, అక్కడ 1080పీ నిండుగా సరిపోతుంది. రేపు చేయి తిరిగాక 4కెకి వెళ్దురు గాని.

ఇంకో విషయం, వాట్సాప్‌లో పంపించుకున్న వీడియోలతో ఎడిటింగ్ చేయకండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని పిండేసి పంపుతుంది, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ పోయిన క్వాలిటీ వెనక్కి రాదు. కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి. తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

మాటకీ పెదవులకీ పొత్తు కుదరకపోవడం గురించి ఇందాక అన్నాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫోన్ 30 ఫ్రేములు అని చెప్తుందే గానీ, వెలుతురు తగ్గినప్పుడు, ఫోన్ వేడెక్కినప్పుడు ఒక సెకనులో 30, ఇంకో సెకనులో 27 తీయవచ్చు. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకి సెకనుకి ఇన్ని ఫ్రేములని ఒకే లెక్క కావాలి. రెండు నిమిషాల రీల్‌లో ఈ తేడా తెలియదు. ముప్పావుగంట పాఠమో, హరికథో, బుర్రకథో రికార్డు చేస్తే చివరికొచ్చేసరికి మాట ముందు, పెదవి వెనక అవుతుంది. షాట్‌కట్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి క్లిప్ వేయగానే, ఎడిటింగ్‌కి అనువుగా మార్చనా అని అదే అడుగుతుంది. అలాంటిదే కేడెన్‌లైవ్ కూడా అడుగుతుంది. మిగతావాటికైతే ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకోండి. లంగర్ వేసినట్టు సౌండ్ కదలకుండా నిలుస్తుంది.

ఇప్పుడు మెషిన్ సంగతి. విండోస్ ఉన్నవాళ్లు టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ అన్నచోట చూడండి. ర్యామ్ ఎంత, డిస్కు ఎస్‌ఎస్‌డీనా పాత హార్డ్ డిస్కా, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందా లేదా. ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. నా అనుభవంలో పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడం, 4 జీబీ ర్యామ్‌ని 8 చేయడం, కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

(“మేడమ్, నాకు అసలు కంప్యూటరే లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. వంటల వీడియోలు చేస్తాను. నేను నేర్చుకోకూడదా?” అని సభలో ఒకరి ప్రశ్న.)

బాగా అడిగారక్కా. ఫోన్‌లోనే చేయండి. దాని గురించి ఎవరి దగ్గరా చిన్నబుచ్చుకోకండి. వంటల వీడియోకి కావాల్సిందేంటి? అనవసరమైన భాగం తీసేయడం, ముక్కలు వరసలో పెట్టడం, మాట పైన ఉండి బాండీలో చిటపటలు కింద ఉండేలా సౌండ్ సర్దడం, కొలతలు తెర మీద రాయడం. ఇవన్నీ ఫోన్ యాప్‌లో అవుతాయి. వీఎన్ అనే యాప్ ఉంది, ఉచితంగానే వాటర్‌మార్క్, అంటే వీడియో మీద కంపెనీ ముద్ర, లేకుండా వీడియో ఇస్తుంది, ఒకదాని మీద ఒకటి ట్రాకులు, అంటే బొమ్మకీ మాటకీ పాటకీ విడివిడి వరసలు, వేసుకోవచ్చు. నేను ఫోన్ వాళ్లకి మొదట చెప్పేది అదే. ఇన్‌షాట్ తేలిక, రీల్స్‌కి సరిపోతుంది. కైన్‌మాస్టర్ కొరియా కంపెనీది, లేయర్లు బాగుంటాయి, ఉచిత వెర్షన్‌లో వాటర్‌మార్క్ పడుతుంది. క్యాప్‌కట్ గురించి చాలా వీడియోల్లో వింటుంటారు. అది టిక్‌టాక్ సంస్థ బైట్‌డాన్స్‌దే. టిక్‌టాక్‌ని మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది, క్యాప్‌కట్ కూడా మన దేశంలో అధికారికంగా దొరకదు. ఎక్కడెక్కడి లింకులో పట్టుకుని దాన్ని ఎక్కించుకునే అవసరం మీకు లేదు.

కంప్యూటర్ ఉన్నవాళ్ల దగ్గరికి వద్దాం.

8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్. మన జిల్లాల్లో విద్యార్థుల దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి నా మాట షాట్‌కట్, లేదంటే కేడెన్‌లైవ్. రెండూ పూర్తిగా ఉచితం, రెండూ ఓపెన్ సోర్స్, అంటే వాటి కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, రెండిటికీ లోపల పనిచేసే ఇంజిన్ ఎమ్‌ఎల్‌టీ అనే ఒకటే. వాటర్‌మార్క్ లేదు, అకౌంట్ అక్కర్లేదు, గడువు లేదు. షాట్‌కట్ మొదటిసారి తెరిస్తే ఖాళీగా, కొంచెం బోసిగా కనిపిస్తుంది. భయపడకండి. పైన ఉన్న టైమ్‌లైన్ (ముక్కలు వరసలో పెట్టే చోటు) బటన్, ఫిల్టర్స్ బటన్ నొక్కితే కావాల్సినవి వచ్చేస్తాయి. కేడెన్‌లైవ్ చూడగానే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లా అనిపిస్తుంది, ట్రాకులూ ఎఫెక్టులూ ఎదురుగానే ఉంటాయి. కాలేజీ ల్యాబుల్లో లైనక్స్ ఉంటే కళ్లు మూసుకుని కేడెన్‌లైవ్ పెట్టించుకోండి.

విండోస్ 11 ఉన్నవాళ్లకి క్లిప్‌చాంప్ అప్పటికే మెషిన్‌లో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 2021లో ఆ కంపెనీని కొని విండోస్‌లో చేర్చింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే 1080పీ వరకు వాటర్‌మార్క్ లేకుండా ఇస్తుంది. స్కూల్ వార్షికోత్సవం వీడియో చేయాలనుకునే టీచర్లకి ఇది చాలు. పాతవాళ్లు మూవీ మేకర్ అడుగుతుంటారు. దాన్ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. ఇప్పుడు ఆ పేరు చెప్పి నెట్‌లో ఎవరైనా డౌన్‌లోడ్ ఇస్తుంటే దాని జోలికి పోవద్దు.

మ్యాక్ ఉన్నవాళ్లు ఐమూవీతో మొదలుపెట్టండి. ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, ఉచితం, మెషిన్‌తో కుదురుతుంది.

ఇక డావించి రిజాల్వ్. దీని గురించి గౌరవంగా మాట్లాడాలి. ఒకప్పుడు డావించి అంటే సినిమాకి రంగులు సరిచేసే యంత్రం, లక్షల డాలర్ల ఖరీదు, పెద్ద ల్యాబుల్లో మాత్రమే ఉండేది. ఆస్ట్రేలియాకి చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో ఆ కంపెనీని కొని, సాఫ్ట్‌వేర్‌ని మామూలు కంప్యూటర్ మీదకి తెచ్చి, ఉచిత వెర్షన్ ఇచ్చింది. ఎడిటింగ్, రంగులు, సౌండ్, విజువల్ ఎఫెక్ట్స్, అన్నీ ఒకే చోట. 4కె దాకా ఉచితంలోనే తీసుకోవచ్చు. డబ్బు పెట్టి స్టూడియో వెర్షన్ కొంటే 295 డాలర్లు, ఒక్కసారే, నెలనెలా కట్టేది కాదు. ఇంత పెద్ద పనిముట్టు మన ఊళ్లో పిల్లాడికి ఉచితంగా అందుబాటులో ఉండటం చిన్న విషయం కాదు.

కానీ దానికి మెషిన్ కావాలి. కనీసం 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు, అందులో 4 జీబీ మెమరీ అయినా ఉంటే అప్పుడు దించుకోండి. లేకపోతే గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందని మెసేజ్ మీద మెసేజ్ వస్తుంది. ఇంకో రెండు సంగతులు. రిజాల్వ్‌లో ఫుటేజ్ వేశాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు, కాబట్టి 25లో చేయాలా 30లో చేయాలా ముందే నిర్ణయించుకోవాలి. లైనక్స్ మీద ఉచిత వెర్షన్‌లో ఫోన్ ఎంపీ4 ఫైళ్లతో ఇబ్బంది ఉంది, అందుకే ఇందాక లైనక్స్‌కి కేడెన్‌లైవ్ అన్నాను.

ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా వీడియో ఆగి ఆగి నడుస్తుంటే ప్రాక్సీ అనే మాట గుర్తుపెట్టుకోండి. పెద్ద ఫైలుకి చిన్న నకలు చేసుకుని, ఆ నకలు మీద ఎడిట్ చేస్తాం, చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, అంటే పూర్తయిన వీడియోని ఫైలుగా బయటికి తీసేటప్పుడు, సాఫ్ట్‌వేర్ అసలు ఫైలునే వాడుకుంటుంది. షాట్‌కట్, కేడెన్‌లైవ్, రిజాల్వ్, అడోబీ వాళ్ల ప్రీమియర్ అన్నిట్లోనూ ఈ సౌకర్యం ఉంది. పాత మెషిన్ ఉన్నవాళ్లకి ఇది ప్రాణవాయువు.

ఇప్పుడు, ఇంగ్లిష్ వీడియోల్లో ఎక్కడా చెప్పని విషయం. తెలుగు.

మీ వీడియో మీద పేరు తెలుగులో రావాలి కదా. మీరు ‘స్త్రీ’ అని రాశారనుకోండి. చూడటానికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి, తకారాన్ని ఒత్తుగా కిందికి దించి, రకారాన్ని చుట్టి, గుడిని సకారం మీదికి ఎక్కించి చూపించడం సాఫ్ట్‌వేర్ పని. యూరప్ భాషల కోసం రాసిన టైటిల్ టూల్స్‌లో కొన్నిటికి ఇది చేతకాదు. ముక్కలు ముక్కలుగా, పొల్లులు బయటికి కనిపిస్తూ పడేస్తాయి. పెళ్లి వీడియో మీద ‘లక్ష్మి’ అన్న పేరు విరిగిపోయి కనిపిస్తే ఆ ఇంటివాళ్ల మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. మన అక్షరాన్ని సరిగ్గా చూపించలేని పనిముట్టు మనకి సగం పనిముట్టే అని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా మొదట టైటిల్ తెరిచి ఈ మాటలు టైప్ చేయండి: స్త్రీ, లక్ష్మి, శ్రీకృష్ణ, రాష్ట్రం, వర్షం. అన్నీ సరిగ్గా కనిపిస్తే పాసైనట్టు. షాట్‌కట్, కేడెన్‌లైవ్ సాధారణంగా పాసవుతాయి. ప్రీమియర్‌లో విరిగి కనిపిస్తే కంగారు పడొద్దు, ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ అన్నచోట టెక్స్ట్ ఇంజిన్ ఉంటుంది, అక్కడ సౌత్ ఏషియన్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. రిజాల్వ్‌లో రెండు మూడు రకాల టైటిల్ టూల్స్ ఉంటాయి, ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించండి, మీ వెర్షన్‌లో ఏది సరిగ్గా చూపిస్తే అది వాడండి. ఏదీ కుదరకపోతే పాత దారి ఉండనే ఉంది. ఇంక్‌స్కేప్ లాంటి దాంట్లో అక్షరాలు రాసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని, వీడియో పైన ట్రాకులో పెట్టేయండి. అక్షరం చెక్కుచెదరదు.

ఫాంట్ల గురించి కూడా ఒక మాట. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లు అందంగా ఉంటాయి, కాదనను. కానీ ఆ పాత ఫాంట్లు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి, కాదు, లోపల ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టారు. ఫాంట్ లేని మెషిన్‌లో తెరిస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. వీడియోలకి యూనికోడ్ ఫాంట్లు పెట్టుకోండి. సిలికానాంధ్ర తోడ్పాటుతో వచ్చిన మండలి, మల్లన్న, ఎన్టీఆర్, రామభద్ర, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. తెర మీద పెద్ద టైటిల్‌కి రామభద్ర బరువుగా, నిండుగా ఉంటుంది. కింద వచ్చే వివరాలకి మండలి హాయిగా చదవొచ్చు. సన్నటి ఫాంట్లు ఫోన్ తెర మీద ఒత్తులు కలిసిపోయి కనిపిస్తాయి, వాటిని వద్దనుకోండి.

(“మేడమ్, నాకు ఇది ఉపాధి కావాలి. పెళ్లిళ్ల పని నేర్చుకుందామనుకుంటున్నా” అని ఒక యువకుడు.)

అయితే నీకు వేరే లెక్క తమ్ముడూ. సరదాకి చేసేవాళ్లు తమకి నచ్చింది వాడొచ్చు, పని కోసం వెళ్లేవాళ్లు ఆ పని చోట ఏది నడుస్తుందో అది నేర్చుకోవాలి. మన దగ్గర పెళ్లి వీడియోల మిక్సింగ్ సెంటర్లలో ఎడియస్ ఎక్కువగా వాడతారు. అది మొదట జపాన్ కంపెనీ కానోపస్‌ది, ఇప్పుడు గ్రాస్ వ్యాలీ వాళ్లది, విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. మిక్సింగ్ వాళ్లు దాన్ని వదలకపోవడానికి కారణం ఉంది. పెళ్లంటే రెండు మూడు కెమెరాలు, ఒక డ్రోన్, బంధువుల ఫోన్ క్లిప్పులు, అన్నీ రకరకాల ఫార్మాట్లు. ముహూర్తం నాలుగు గంటలుంటే నాలుగు గంటలూ కావాలంటారు. ఎడియస్ ఇవన్నీ ఒకే టైమ్‌లైన్ మీద మార్పిడి లేకుండా నడిపిస్తుంది, మల్టీక్యామ్ కట్టింగ్, అంటే ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకి మారడం, చకచకా అవుతుంది. పాటలకి రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతాయి, ఫోటోలు మార్చుకుంటే సరిపోతుంది. ఆ ప్రాజెక్టుల మీదే ఆధారపడితే మాత్రం పని రాదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అమ్మాయి మొహం చూపించాలా, తండ్రి మొహం చూపించాలా, ఆ క్షణంలో ఏ కెమెరాకి కట్ చేయాలి, అది ఏ ప్రాజెక్టులోనూ దొరకదు. చూసి చూసి నేర్చుకోవాల్సిందే.

యూట్యూబ్ ఛానెళ్లకి, యాడ్ ఏజెన్సీలకి పనిచేయాలంటే ప్రీమియర్ ప్రో అడుగుతారు. అడోబీ దాన్ని 2013 నుంచి అద్దె పద్ధతిలోకి మార్చింది, నెలనెలా కట్టాలి. కట్టడం ఆపేస్తే మీ పాత ప్రాజెక్టులు తెరవలేరు. పని దొరికాక, ఆ పని డబ్బుతో కట్టుకోండి. నేర్చుకోవడానికి అప్పు చేయకండి. ఒక దాంట్లో చేయి తిరిగితే ఇంకోదానికి మారడం అంత కష్టం కాదు. జె వెనక్కి, కె ఆపు, ఎల్ ముందుకి. ఐ నొక్కితే మొదలు, ఓ నొక్కితే ముగింపు. ఈ మీటలు ప్రీమియర్‌లోనూ, రిజాల్వ్‌లోనూ, మ్యాక్ మీద నడిచే ఫైనల్ కట్‌లోనూ, షాట్‌కట్‌లోనూ అలాగే పనిచేస్తాయి. మాట ముందు వినిపించి బొమ్మ తర్వాత వచ్చే జె కట్ ఎక్కడైనా జె కట్టే.

పెద్దవాళ్లు ఏం వాడుతున్నారో చూసి మనసు పాడుచేసుకోవద్దు. 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన కొరియా సినిమా ‘పారసైట్’ని ఫైనల్ కట్ ప్రో 7లో ఎడిట్ చేశారు. ఆపిల్ ఆ వెర్షన్‌ని 2011లోనే పక్కన పెట్టేసింది. ఆ ఎడిటర్‌కి అది అలవాటు, ఆయన చేతిలో పనిచేసింది, దానితోనే చేశాడు. ఎడిటింగ్ విభాగంలో కూడా ఆ సినిమాకి నామినేషన్ వచ్చింది.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త కఠినంగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. క్రాక్ వెర్షన్లు, అంటే డబ్బు కట్టకుండా వాడేలా తాళం విరగ్గొట్టిన దొంగ కాపీలు, పెట్టుకోకండి. టెలిగ్రామ్ గ్రూపులో లింకు వస్తుంది, లోపల ఒక టెక్స్ట్ ఫైలు ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయమని అందులో రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడే ఆగిపోవాలి. ఇంటి తాళం తీసి పెట్టమని అడుగుతున్నవాడు ఎవరో మీకు తెలియదు. అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్ ఉంటుంది, మీ చెల్లెలి ఫోటోలుంటాయి, ఎవరో నమ్మి ఇచ్చిన పెళ్లి ఫుటేజ్ ఉంటుంది. ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బు అడిగే వైరస్ వస్తే ఆ పెళ్లి మళ్లీ జరగదు, మళ్లీ తీయలేరు. కొన్ని కోచింగ్ సెంటర్లలో పెన్‌డ్రైవ్‌లో క్రాక్ పెట్టి ఇచ్చేస్తున్నారు. పిల్లలకి మొదటి రోజే అది నేర్పడం నాకు ఏమాత్రం నచ్చదు. ఒకప్పుడు వేరే దారి లేదు అనేవారు. ఇప్పుడు రిజాల్వ్ ఉంది, కేడెన్‌లైవ్ ఉంది, షాట్‌కట్ ఉంది. ఆ మాట చెల్లదు.

ఇంకొకటి, ఇది ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరికి జరుగుతుంది. ఎడిటింగ్ అంతా అయ్యాక ప్రాజెక్ట్ ఫైలు దాచుకుని, స్థలం కోసం అసలు క్లిప్పులు డిలీట్ చేసేస్తారు. మర్నాడు తెరిస్తే తెరంతా ఎర్రగా ‘మీడియా ఆఫ్‌లైన్’ అని వస్తుంది. ప్రాజెక్ట్ ఫైల్లో మీ వీడియో ఉండదు. ఏ క్లిప్ ఎక్కడుంది, దాన్ని ఎక్కడ కోశారు అన్న వివరాలే ఉంటాయి. అందుకే ఒక వీడియోకి ఒక ఫోల్డర్ చేసుకోండి. క్లిప్పులు, పాటలు, బొమ్మలు, ఫాంట్లు, ప్రాజెక్ట్ ఫైలు అన్నీ ముందే అందులో పెట్టి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరవండి. మధ్యలో ఫోల్డర్ పేరు మార్చకండి, వేరే డ్రైవ్‌కి జరపకండి. పని మొత్తం అయ్యాక ఆ ఫోల్డర్‌ని అలాగే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఈ అలవాటు ఒకటే.

మరి రెండు మూడు సాఫ్ట్‌వేర్ల మధ్య ఎటూ తేలకపోతే ఏం చేయాలి? రివ్యూలు చూస్తూ కూర్చోవద్దు. మీరే తీసిన రెండు నిమిషాల ఫుటేజ్ తీసుకోండి, వేరేవాళ్లది వద్దు. అందులో అనవసరమైనది కోసేయండి. ఒకచోట మాట ముందు, బొమ్మ వెనక వచ్చేలా పెట్టండి. వెనక సంగీతం వేసి, మాట వచ్చినప్పుడు తగ్గించండి. సంగీతానికి సినిమా పాట వద్దు, యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా ఉన్నవి చాలు, లేకపోతే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. తర్వాత తెలుగులో టైటిల్ వేయండి. ఎక్స్‌పోర్ట్ చేయండి. బిట్‌రేట్ అన్నచోట 1080పీకి సెకనుకి 8 మెగాబిట్లు పెట్టండి, యూట్యూబ్ వాళ్లు 30 ఫ్రేములకి సూచించేది అదే. వచ్చిన వీడియోని ఫోన్‌లోకి పంపించుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం చూడండి. వాటర్‌మార్క్ పడిందా, అక్షరాలు విరిగాయా, సౌండ్ జారిందా, అన్నీ అక్కడ బయటపడతాయి. అదే పని రెండో సాఫ్ట్‌వేర్‌లో కూడా చేయండి. ఒక సాయంత్రంలో తేలిపోతుంది. ఏ దాంట్లో మీ చేయి తొందరగా కదిలిందో దాన్ని ఉంచుకుని, రెండోది తీసేయండి. ఆ తర్వాత కొన్ని నెలలపాటు మార్చవద్దు. అందులోనే వరసగా వీడియోలు పూర్తి చేయండి. పూర్తి చేయడం ముఖ్యం.

(“ఏఐ వచ్చేసింది కదా మేడమ్, అదే ఎడిట్ చేసేస్తుంటే ఇవన్నీ నేర్చుకోవడం ఎందుకు?” అని మరొకరు.)

సౌండ్‌లో ఫ్యాన్ హోరు తీసేయడం, మాటల్ని అక్షరాల్లోకి మార్చడం, మౌనంగా ఉన్న చోట్లు వెతికి పెట్టడం లాంటివాటికి వాడుకోండి, నేనూ వాడతాను. తెలుగు సబ్‌టైటిల్స్ దానంతట అది ఇస్తే మాత్రం ఒక్కో లైను చదివి దిద్దండి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, యాస ఉన్న మాటలు తప్పుగా పడతాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది మాత్రం మీరే నేర్చుకోవాలి, ఎందుకంటే ఆ వీడియోలో ఉన్న మనిషి ఎవరో, ఎందుకు మాట్లాడుతున్నారో తెలిసింది మీకే.

మధ్యాహ్నం రెండింటికి పక్కన కంప్యూటర్ ల్యాబ్ తెరుస్తారు. అక్కడి మెషిన్లలో షాట్‌కట్, కేడెన్‌లైవ్ రెండూ ఎక్కించి పెట్టాం. భోజనానికి వెళ్లే దారిలో, ఫోన్‌లో ఇందాక చూసిన హై ఎఫిషియన్సీ మీట ఆపేసి, ఎవరితోనైనా రెండు నిమిషాలు మాట్లాడించి షూట్ చేసుకోండి. కళాశాల గేటు దగ్గర టీ కొట్టాయన ఉన్నారు, క్యాంటీన్‌లో వంట చేసే అమ్మలున్నారు, ముందు అడిగి, వాళ్లు సరేనంటేనే తీయండి. ఛార్జింగ్ కేబుల్ తెచ్చుకోండి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కొన్ని ఉంటాయి, వాటితో ఫైళ్లు కాపీ కావు, అది ఒకసారి చూసుకుని రండి.